వేళ్లు మింగిన బేలు

నా ఎడమ చెంప మీద, చెవి కింద నుంచి మూతి దాకా ఒక గీత ఉంది. గడ్డం గీసేటప్పుడు మంగలి అక్కడికి వచ్చేసరికి కత్తి ఆపి, "ఇదేంది పెద్దాయనా?" అంటాడు. ఒకసారి వేటకొడవలి అని చెప్పినాను. ఇంకోసారి కౌతాళం కాలువ గట్టు మీద చిరుతపులి అన్నాను. కర్నూలు జిల్లావాడి మొహం మీద గాటుంటే జనం వేటకొడవలిని ఊరికే నమ్ముతారు, చిరుతపులికి కొంచెం కష్టపడాల. మా వియ్యంకుడికి మాత్రం పోలీసు లాఠీ అని చెప్పినాను. ఆయన రిటైరైన హెడ్ కానిస్టేబులు. "లాఠీ ఇట్ల కోయదే" అని చాలాసేపు నా చెంప నిమిరి చూసినాడు.

ఇప్పుడు రాసేది జరిగింది. రాస్తా రాస్తా చెయ్యి జారితే నేనే వెనక్కొచ్చి దిద్దుతాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి రోజులు. మాది ఎమ్మిగనూరు, నేతగాళ్ల ఇల్లు. మా అక్క మొగుడు, అంటే మా బావ, నేసిన దుప్పటిని అంచు చూసి పోల్చుకునేవాళ్లు. తెగిన పోగును ఆయన ముడివేస్తే ముడి ఎక్కడుందో వేలికి తగిలేది కాదు. నూలు దొరక్క మగ్గం మూలబడినాక ఇద్దరం ఆదోనికి పోయి ఒక పత్తి మిల్లులో చేరినాం. అక్కడే ఒక గదిలో పడుండి, సెలవు దినం బస్సెక్కి ఇంటికొచ్చేవాళ్లం.

జిన్నింగులో ఆడోళ్లు పత్తి నుంచి గింజ తీసినాక, ఆ దూది మా ప్రెస్సుకొచ్చేది. ప్రెస్సు అంటే నేలలోకి దించిన పెద్ద ఇనుప పెట్టె. అందులో దూది పోసి, ఒక మనిషి దిగి కాళ్లతో తొక్కాల. నిండినాక ఆ మనిషి పైకెక్కి పక్కకొచ్చి "ఓ" అని కేకేస్తాడు. ఆ కేక విన్న తర్వాతనే మేస్త్రి పిడి తిప్పాల. పిడి తిప్పితే కింద నుంచి ఇనుప దిమ్మె లేచి, అంత దూదినీ పైనున్న ఇనుప పలకకేసి అణిచి బండరాయి మాదిరి చేస్తుంది. దానికి గోనెపట్టా చుట్టి ఇనుప పట్టీలు బిగిస్తే అది బేలు. బేలు మీద మా సావుకారు గుర్తు, లక్ష్మీదేవి బొమ్మ, నల్లరంగుతో అచ్చు పడుతుంది. తొక్కే పని మా బావది. పట్టీలు బిగించే పని నాది.

ఆ రోజు మధ్యాహ్నం స్టేషన్లో వ్యాగను నిలబడుంది. మేస్త్రికి తొందర. బావ పైకెక్కి, అంచు మీద పొంగిన దూదిని చేత్తో లోపలికి తోస్తాండాడు. ఇంకా కేక వేయలేదు. మేస్త్రి పిడి తిప్పినాడు.

నేను ఎదురుగానే ఉండినాను. చెరుకుగడ విరిచినట్టు శబ్దం వచ్చిందని చాలామందికి చెప్పినాను గానీ, ఆ మోటారు రొదలో ఏం వినపడుతుంది, ఏమీ వినపడలేదు. బావ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నిప్పు తగిలినట్టు విదిలించినాడు. ఆ విదిలింపుకు నా మొహం మీద వెచ్చగా పడింది. తుడుచుకుని చూస్తే ఆయన కుడిచేతికి బొటనవేలు, చూపుడువేలు ఉండాయి. మిగతా మూడూ లేవు. వాటితోబాటు అరచేతి అంచు కూడా లేదు. ఎముక తెల్లగా ఒక్క రెప్పపాటు కనపడి, మళ్లీ ఎర్రగా మునిగిపోయింది.

దిమ్మె లేవడం మొదలుపెట్టినాక పైకి వచ్చేదాకా ఆగదు. ఆగినాక మేస్త్రి తొంగి చూసినాడు. వాని మొహం సున్నం కొట్టినట్టయింది. ఆ తర్వాత వాడన్న మాట నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"పట్టీలు బిగించు," అన్నాడు.

బిగించినాను. చేతులకు అదే పని అలవాటు, మెదడుతో సంబంధం లేదు. గోనెపట్టా మీదికి ఎర్రగా ఊరి వస్తాంటే మేస్త్రి అచ్చులకు వాడే నల్లరంగు డబ్బా తెచ్చి ఆ పక్కంతా కుమ్మరించినాడు.

మిల్లులో తగిలిన దెబ్బకు మిల్లే వైద్యం చేయించాల, నయమయ్యేదాకా కూలీ కూడా ఇయ్యాల అని అంతకు ముందు సమ్మెలో సావుకారు ఒప్పుకున్నాడు. ఆ ధైర్యంతో బావను కర్నూలు పెద్దాసుపత్రికి పంపిస్తారనుకున్నాం. "సావుకారు బళ్లారి పోయినాడు, వచ్చినాక సూద్దాం" అని మేస్త్రి ఒక కాంపౌండరును పిలిపించి గుడ్డ చుట్టించి, తోడు ఒక మనిషినిచ్చి బావను ఎమ్మిగనూరు బస్సెక్కించినాడు. నన్ను పోనియ్యలేదు. "నువ్వు పూజకు ఉండాల" అన్నాడు.

పూజ అంటే చెప్పాల. మిషను మనిషి రక్తం రుచి చూస్తే ఊరుకోదని మా నమ్మకం. ఆ పొద్దు గూకేలోపల దానికి పొట్టేలును ఇయ్యాల. రక్తం మీద రక్తం పోయాల. పోసినాక ఇంక ఆ మిషను వినేటట్టు మనిషి రక్తం మాట ఎత్తకూడదు. ఎత్తితే దానికి రుచి గుర్తొచ్చి మళ్లీ మనిషినే అడుగుతుంది. ఎవరు పెట్టినారో ఈ నియమం, ఆదోనిలో చాలా మిల్లుల్లో ఉండేది.

వేరే పనులకు కాళ్లీడ్చే మేస్త్రి, ఆ పొద్దు పొట్టేలును మాత్రం బిన్నా, పరుగున పోయి తెచ్చినాడు. ప్రెస్సు ముందర దాని మెడ వంచినారు. మొదటి దెబ్బకు తెగలేదు. రెండో దెబ్బకు సగం తెగి, అది కాళ్లు తన్నుకుంటా మా మధ్యలో ఒక చుట్టు తిరిగింది. అందరి పంచెలూ తడిసినాయి. తల తెచ్చి ప్రెస్సు అంచు మీద, సరిగ్గా మా బావ చెయ్యి పెట్టిన చోట పెట్టినారు. ఆ తర్వాత వండుకుని తిన్నాం. కూర బాగుండె అని రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, బాగుండె.

ఎవరు కబురు పెట్టినారో, ఒకటి రెండు రోజులకు కర్నూలు నుంచి లేబరాఫీసరు వచ్చినాడు. చిన్న వయసు, ఇస్త్రీ చొక్కా. నేరుగా ప్రెస్సు దగ్గరికొచ్చి అందరినీ నిలబెట్టి, ఎండి నల్లబడిన మరకను బూటుతో చూపించి, "ఇదేం రక్తం?" అన్నాడు.

చివరికి ఒకడు, "పొట్టేలుది సార్" అన్నాడు.

"మనిషిది కాదా?"

"శివశివా. ఆ మాట ఈడ అనొద్దు సార్."

వరసగా ఒక్కొక్కరినీ అడిగినాడు. అందరూ పొట్టేలే అన్నారు. నా వంతు వచ్చింది. ఆఫీసరు వెనకాల ప్రెస్సు నోరు తెరుచుకుని నా వైపే చూస్తాన్నట్టుంది. మరుసటి రోజు ఆ పెట్టెలోకి దిగి తొక్కాల్సింది నేనే, బావ స్థానంలో.

"పొట్టేలుదే సార్," అన్నాను.

మేస్త్రి మెల్లగా ముందుకొచ్చినాడు. "సార్, ఆ మనిషి పూజలో తాగి పొట్టేలు తల పట్టుకున్నాడు. కత్తి జారి ఏళ్లు తెగినాయి. అది మిల్లు పని కాదు గదా సార్."

అబద్ధమని అందరికీ తెలుసు, అనడానికి మాత్రం అక్కడ నోరు లేదు. గేటు దాటినాక ఆఫీసరుకు అసలు సంగతి చెప్దామని కళ్లతోనే అనుకున్నాం. ఆయన జీపెక్కినాడు. నేను పరిగెత్తి జీపు ముందర అడ్డం పడుకున్నానని మా వీధిలో చాలా ఏళ్లు చెప్పినాను. పడుకోలేదు. గేటు దాకా పోయేసరికి మేస్త్రి మనుషులు గేటు మూసేసినారు. కమ్మీల సందుల్లో నుంచి "సార్, బయట సెప్తాం సార్" అని కేక పెట్టినాను. దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

సావుకారు బళ్లారి నుంచి వచ్చినాడని తెలిసి మార్కెట్ యార్డులో ఆయన మండీకి పోయినాను. చెడ్డవాడు కాదు. నుదుట బొట్టు, తెల్లపంచె, ఇంట్లో ఉల్లిగడ్డ కూడా తినని మనిషి.

"సామీ, మా బావ చెయ్యి కుళ్లిపోతాందని ఇంటి నుంచి కబురొచ్చింది. కర్నూలు పంపించల్ల."

"మిల్లులో తగిలింటే నేనే పంపిస్తానప్పా. పూజలో తాగి తగిలించుకుంటే మిల్లు యాడ చేస్తాది?"

"పూజలో కాదు సామీ, ప్రెస్సులో."

"మీరంతా ఆఫీసరు ముందర ఏమని సెప్పినారు?"

"మిషను కాడ అట్ల అనకూడదని సెప్పినాం."

"మిషనుకు భయపడి అబద్ధం సెప్పినామంటే ఆఫీసరు నమ్ముతాడా? నేను నమ్మల్లనా? పో, ఇంటికి పో."

ఇంటికి పోలేదు. మిల్లు గేటు కాడికి పోయినాను. మేస్త్రి బీడీ ముట్టించుకుంటాండాడు. ఆరుగురిని కొట్టినాను ఆ పొద్దు. దిద్దుతాను: ఒకడినే కొట్టినాను, అది కూడా మొదటి దెబ్బ. మేస్త్రి ముక్కు మీద గుద్దితే బీడీ నోట్లోనే విరిగి నిప్పు వాని గెడ్డానికి అంటుకుంది. ఆ తర్వాత ఆ ఆరుగురే నన్ను కొట్టినారు. బేళ్ల పట్టీలు బిగించే ఇనుప కడ్డీతో వీపు మీద, మోకాళ్ల మీద. కింద పడినాక కడుపులో తన్నినారు. ఒకడు నా జుట్టు పట్టి తల ఎత్తితే మేస్త్రి చెప్పుతో మూతి మీద కొట్టినాడు. ముందరి పన్ను ఊడి నాలుక మీద పడింది. నేను చేసిన ఘనకార్యం ఏందంటే ఆ పన్నును వాని మీదికి ఉమ్మినాను. తగిలిందని చెప్తుంటాను. తగల్లేదు.

ఎమ్మిగనూరులో ఇంటి గడప తొక్కకముందే వాసన తెలిసింది. పత్తిగింజలు నీళ్లలో నాని కుళ్లితే వచ్చే వాసన. బావ నులకమంచం మీద చెయ్యి ఎత్తి పెట్టుకుని పడుకున్నాడు. ఎవరో ఆకు పసరు కట్టినారు. కట్టు కింద నుంచి మణికట్టు దాకా చర్మం బిగిసి, వంకాయ రంగుకు తిరిగింది. అక్కడి నుంచి ఎర్రటి గీత ఒకటి మోచెయ్యి వైపు పాకుతాంది. పక్కింటి ఆర్.ఎం.పి. డాక్టరు అక్కను బయటికి పిలిచి, గీత మోచెయ్యి దాటకముందే పెద్దాసుపత్రికి పోవాల, దాటితే భుజం కాడికి తీసేస్తారు, భుజం దాటితే మనిషే ఉండడు అన్నాడంట.

అక్క నా మూతి చూసింది. "ఎవరు కొట్టినారు?"

"నేనే కొట్టినా. ఆరుగురిని."

"ఆ సంగతి నీ మూతే సెప్తాంది లే. ఊరంతా నీ మాటలకు నవ్వుతాది. ఒక్క మనిషిని ఆసుపత్రికి సేర్సే మాట రాలేదా నీ నోటికి?"

బావ కళ్లు తెరవకుండానే అడిగినాడు. "ఏమంటారు వాళ్లు?"

"పొట్టేలు కోసేటప్పుడు నువ్వు తాగి తల పట్టుకున్నావంట. కత్తి జారిందంట."

బావ నవ్వినాడు. జ్వరంలో నవ్వు దగ్గు మాదిరి వచ్చింది. "కత్తికి తెగింటే ఏళ్లు కింద పడల్ల గదరా. యాడుండాయి? పొట్టేలు తల, కాళ్లు అన్నీ లెక్కబెట్టి వండుకున్యారు గదా మీరు. దాండ్లో నా ఏళ్లు కనపడెనా ఎవరికైనా?"

నేను మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాను.

"బేల్లో ఉండాయిరా. నువ్వే గదా బిగించింది."

అక్క లోపలికి పోయి, కట్టెలు కొట్టే గొడ్డలి తెచ్చి, కూరగాయల సంచిలో పెట్టి నా చేతికిచ్చింది.

మరుసటి పొద్దున మొదటి బస్సుకు ఆదోనిలో దిగి నేరుగా గూడ్సు షెడ్డుకు పోయినాను. మా సావుకారు బేళ్లు వ్యాగను కోసం షెడ్డులో వరసలుగా పేర్చున్నాయి. అంతకు ముందు వ్యాగను నిండిపోయి ఇవి మిగిలినాయి. అన్నీ ఒకే తీరు, అన్నింటి మీదా లక్ష్మీదేవి. నల్లరంగు కుమ్మరించిన బేలు ఏ వరసలో ఉందో తెలియక చుట్టూ తిరుగుతాంటే గోనె కుట్టే అవ్వ కనపడింది. మిల్లులో బేళ్లకు గోనెపట్టా కుట్టేది ఆమెనే. బరువు దించేటప్పుడు చినిగినవి సరిచేయడానికి దబ్బనం తీసుకుని స్టేషనుకు వచ్చేది.

"దేనికిరా ఎతుకుతాండావు?"

చెప్పినాను. అవ్వ నోట్లో ఆకు నమలడం ఆపింది. దబ్బనంతో ఒక వరస చూపించింది. "కింద నుంచి రెండోది. దాన్ని కుట్టేటప్పుడే అనుకున్యా, ఈ మూల ఎందుకిట్ల మెత్తగా ఉండాది అని."

హమాలీలు గుమిగూడినారు. బేళ్లను కొక్కేలతో లాగి మోసేవాళ్లు వాళ్లు. సంగతి విన్నాక ఒకడు చేతిలో కొక్కెం కింద పడేసినాడు. "మనిషి మాంసం మేం మోయం" అన్నాడు. పైనున్న బేలును తామే పక్కకు దొర్లించి, నల్ల బేలును బయటికి లాగినారు. పైభాగం ఎండి అట్ట కట్టింది. ఈగలు.

"పట్టీ తెగితే తాచుపాము మాదిరి లేస్తాది. పక్కకు నిలబడి కొట్టురా," అనింది అవ్వ.

పట్టీలు బిగించేవాడికి ఆ సంగతి చెప్పాల్సిన పని లేదు. పక్కనే నిలబడినాను. రెండు దెబ్బలు పడినాయి. మూడోదానికి గొడ్డలి ఎత్తేసరికి ఎవరో కబురు ఇచ్చినట్టుంది, మేస్త్రి తన మనుషులతో పరిగెత్తుకుంటా వచ్చినాడు. వచ్చేటప్పుడే కింద పడిన కొక్కెం ఎత్తుకున్నాడు. దాన్ని నా భుజంలో దించినాడు. బేలును లాగినట్టు లాగినాడు.

గొడ్డలి అప్పటికే దిగుతాంది. పట్టీ తెగింది. నా మొహం ఉండాల్సిన చోట లేదు, వాడు లాగిన చోట ఉంది. ఇనుప పట్టీ లేచి నా చెంపను చెవి నుంచి మూతి దాకా చీల్చి, అదే ఊపులో మేస్త్రి ముంజేతిని ఎముక దాకా కోసింది. ఇదీ నా గీత. వేటకొడవలి కాదు, చిరుత కాదు, లాఠీ కాదు. నేను రోజూ బిగించే పట్టీ.

ఇద్దరం కింద పడినాం. వాడు నా మీద. నేను వాని చెవి కొరికినాను. ఊడలేదు గానీ వదల్లేదు కూడా. హమాలీలు మేస్త్రి మనుషుల మీద పడినారు. గోనె మూటలు విసిరే చేతులు అవి. ఒకడిని ఎత్తి బేళ్ల మీద కొడితే వాడు మళ్లీ లేవలేదు, అక్కడే కూర్చుని వాంతి చేసుకున్నాడు. ఇంకొకడి మోకాలు వెనక్కి వంగింది. ఎవడూ అరవడం లేదు, అందరికీ ఊపిరే చాలడం లేదు. దెబ్బల శబ్దం ఒకటే, బట్టలు ఉతుకుతాన్నట్టు. తెగిన పట్టీ పక్కన బేలు రోంత నోరు తెరిచి, లోపలి దూది ఒక నాలుక మాదిరి బయటికి వచ్చింది. కొస ఎర్రగా ఉంది.

"ఆపండప్పా," అని సావుకారు గొంతు.

మండీ నుంచి కారులో వచ్చినట్టుంది. షెడ్డు మెట్ల మీద నిలబడినాడు. మా రక్తం చూసినాడు. బేలు మీద లక్ష్మీదేవి బొమ్మ మీద కూడా పడింది నా రక్తం. ఆయన కళ్లు అక్కడే నిలబడిపోయినాయి. కొనేవాడి తరఫు గుమాస్తా, గూడ్సు క్లార్కు ఇద్దరూ కిటికీలోంచి చూస్తాండారు.

సావుకారు నన్ను అడగలేదు. మేస్త్రిని అడిగినాడు. "నిజంగా ఉండాయా లోపల?"

మేస్త్రి తెగిన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

"సరే. విప్పండి," అన్నాడు సావుకారు.

"వద్దు సామీ," అన్నాడు మేస్త్రి. "విప్పొద్దు."

అంతే. ఆ మాట తర్వాత ఎవరూ ఏమీ నిరూపించాల్సిన పని లేకపోయింది. సావుకారు కండువాతో నోరు మూసుకుని మెట్ల మీద కూలబడినాడు.

అప్పుడు నేను గొడ్డలి భుజాన వేసుకుని, సింహం మాదిరి నిలబడి, కార్మికుల తరఫున షరతులు చెప్పినానని మా మనవళ్లకు తెలుసు. వాళ్లు ఇది చదవకుంటే బాగుండు. నా చెంప తెరుచుకుని గాలి లోపలికి పోతాంది, మాట్లాడితే రక్తం బుడగలు వస్తాన్నాయి. చేతికందిన దూది అదిమిపెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. షరతులు మాట్లాడింది అవ్వ.

"సావుకారయ్యా, కారు ఎట్లాగూ ఉండాది గదా. ముందు ఎమ్మిగనూరు పోయి ఆ మనిషిని ఎక్కించుకో. కర్నూలులో సేర్సు. ఈనిని కూడా ఎక్కించుకో, లేకుంటే నేనే దబ్బనంతో కుట్టేస్తా ఈని మొగం."

"కారు తీసుకుపోమ్మా."

"నయమయ్యేదాకా ఖర్సు నీది, కూలీ నీది. నయమైనాక, ఉండే ఏళ్లతో ఏం పని సేయగల్గుతాడో ఆ పని ఇయ్యాల."

"ఇస్తా."

"ఇంక మీదట ఎవనికి తగిలినా మొదట ఆసుపత్రి. యాడ తగిలింది, ఎట్ల తగిలింది అని తర్వాత అడుగు."

"సరే."

"ఆఫీసరును మళ్లీ పిలిపియ్యి. ఈసారి మమ్మల్ని గేటు బయట అడగమను. మిషను కాడ అడిగితే మళ్లీ పొట్టేలనే అంటాం."

సావుకారు తల ఎత్తి చూసినాడు. నవ్వలేదు. "గేటు బయటనే అడిగిస్తా," అన్నాడు. ఆ తర్వాత బేలు వైపు చెయ్యి చూపించి, దాన్ని విప్పొద్దని, మిల్లు వెనకాల బయలులోకి తీసుకుపోయి తగలబెట్టమని హమాలీలకు చెప్పినాడు.

ఆయన మాట తప్పలేదు. ఆఫీసరు వచ్చి, గేటుకు ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చుని, మా అందరి మాటా రాసుకున్నాడు. అక్కడ మా నోళ్లు బాగానే తెరుచుకున్నాయి. మేస్త్రి అందరికంటే చివర వచ్చి, కట్టు కట్టిన చేతితో, తొందరపడి పిడి తిప్పింది తానేనని చెప్పినాడు. వాని చేతికి కూడా మిల్లే వైద్యం చేయించింది. కొత్త నియమం ప్రకారం ఎవనికి తగిలినా మొదట ఆసుపత్రి కదా. నాకు మండింది, కానీ అవ్వ చెప్పిన మాటే అది.

కారులో కర్నూలు పోయేటప్పుడు బావ తల అక్క ఒళ్లో, నా తల కిటికీకి. ఇద్దరం మూలుగుతాంటే డ్రైవరు రేడియో పెట్టినాడు. ఆసుపత్రిలో నా చెంప కుట్టినారు. లోపలి గదిలో బావ చేతిని కోసినారు. కుళ్లినదంతా, అరచేతిలో సగం దాకా గీకి తీసేసినారంట. మత్తు చాలక ఆయన అరిచిన అరుపు వరండా దాకా వచ్చింది. అక్క గోడ వైపు తిరిగి, ఆ అరుపు ఆగేదాకా కదల్లేదు. ఎర్ర గీత మోచెయ్యి దాటలేదు. చెయ్యి మిగిలింది. బొటనవేలు, చూపుడువేలు మిగిలినాయి. పని చేస్తాయో లేదో కుట్లు విప్పినాక గానీ చెప్పలేమన్నారు.

కుట్లు విప్పి ఇంటికి పంపించినాక, సావుకారుకు కనపడి రావాలని ముగ్గురం ఆదోని పోయినాం. మిల్లు వెనకాల బయలులో ఆ బేలు కాలిన చోటు ఇంకా నల్లగా ఉంది. బిగించిన దూది మంట పట్టదు, లోలోపల రాజుకుంటా చాలా రోజులు పొగ వచ్చిందంట. బూడిద మధ్యలో ఇనుప పట్టీలు చుట్టలు చుట్టుకుని పడున్నాయి. బావ వాటి ముందర గొంతుక్కూర్చున్నాడు. చేతికి గుడ్డ చుట్టుంది, రెండు వేళ్లు మాత్రం బయట. ఆ వేళ్లను అంతవరకు ఆయన కదిలించి చూడలేదు. భయం.

"ఏమిరా, నిజంగా దీంట్లోనే ఉండెనా?"

ఎవరూ చూడలేదు. బేలు విప్పనే లేదు. ఆ ఎర్రటి దూది బావ రక్తమో, మూడో దెబ్బకు పడిన నా రక్తమో కూడా నాకు తెలియదు. మేస్త్రి "విప్పొద్దు" అన్నాడు, అంతే మాకున్న సాక్ష్యం.

"నేను సూసినా బావా," అన్నాను. "మూడూ వరసగా, దూదిలో పడుకోబెట్టినట్టు ఉండె. ఉంగరంతో సహా."

ఆయనకు ఉంగరం ఎప్పుడూ లేదు.

బావ నా వైపు తిరిగినాడు. కుడిచెయ్యి ఎత్తినాడు. ఆ రెండు వేళ్లతో నా చెవి పట్టుకుని మెలిపెట్టినాడు. మొదట వేళ్లు వణికినాయి, జారినాయి. మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి పట్టు దొరికింది. పోగును ముడివేసేటప్పుడు బిగించినట్టు బిగించినాడు. నా చెంప మీద కుట్లు విప్పిన చోటు లాగి కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. "అమ్మా" అని మోకాళ్ల మీదికి వచ్చినాను.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తాంది.

"ఏమయ్యా," అనింది బావతో, "ఇంకోసారి పట్టు. సూద్దాం."